దొరమ్మ చెక్క

నిన్న సాయంత్రం ఉయ్యూరు నుంచి వచ్చిన ఆటోలోంచి మా బియ్యం బస్తా దిగింది. ఏటా కొత్త ధాన్యం మర పట్టించగానే బాబాయి పంపిస్తాడు. బస్తా మీద నీలం రంగుతో ఒక్క మాటే రాసి ఉంటుంది, దొరమ్మ అని. ఈమధ్యే చదవడం పట్టుబడిన మా పాప ఆ మాటని కూడబలుక్కుని చదివి, దొరమ్మ ఎవరమ్మా, ఈ బియ్యం ఆవిడవైతే మనం తినొచ్చా అని అడిగింది. నవ్వొచ్చింది, తినొచ్చులే అని మాత్రం చెప్పాను. పాప పడుకున్నాక, మధ్యాహ్నం తుమ్మింది కదా అని నుదురు తాకి చూసుకుని, జ్వరం లేదని తెలిసినా ఇంకోసారి చూసుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను. పల్లెలో పుట్టి బెజవాడ అపార్ట్‌మెంట్లలో పిల్లల్ని పెంచుకుంటున్న నా ఈడు వాళ్ళందరికీ ఇలాంటి ప్రశ్న ఏదో ఒకటి ఎదురయ్యే ఉంటుంది.

మా వాళ్ళది ఉయ్యూరుకి దిగువన, కాలువ గట్టు వెంబడి ఉన్న ఊరు. ఇంగ్లీషువాళ్ళు కాలువ పొడిగిస్తున్న రోజుల్లో మెట్ట ప్రాంతం నుంచి మట్టి పనికి వచ్చి, పని అయ్యాక వెనక్కి పోకుండా అక్కడే గుడిసెలు వేసుకుని, తుంగ పీకి, పొలాలు చేసుకుని, మిషనువారి బోధ విని క్రైస్తవులైన కుటుంబాల్లో మాదొకటి. మాకున్న పొలంలో మంచిది కాలువ పక్కనున్న దొరమ్మ చెక్క. నీళ్ళు ముందు దానికే అందుతాయి, పంట ముందు అక్కడే పండుతుంది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పడంలో మా తాతయ్యని మించినవాళ్ళు లేరు. ఏటా కోత పండుగకి, అందరూ గుమ్మడికాయలూ కోళ్ళూ కొబ్బరి గెలలూ తెచ్చి, మేము గుడి అని పిలుచుకునే చర్చిలో బల్ల ముందు పెట్టినప్పుడు, తాతయ్య లేచి సాక్ష్యం చెప్పేవాడు. కాలువ తవ్వించిన దొరగారి భార్య తెల్ల గుర్రం మీద, పెద్ద టోపీ పెట్టుకుని వచ్చిందనీ, మా పెద్దల కష్టం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుందనీ, తన చేతిలోని గొడుగుతో నేల మీద గీత గీసి ఇంతమేర మీదే అన్నదనీ. ఏడాదికేడాది టోపీ పెద్దదయ్యేది. ఒక ఏడాది దానికి ఈక కూడా మొలిచింది. మేము పిల్లలం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

ఇంకో ఆచారం ఉండేది. ఆ చెక్కలో మొదట కోసి కట్టిన వరి మోపుని, అంటే పనని, గుడికి మోసుకెళ్ళేది మా ఇంటి ఆడపిల్లే. మగపిల్లలు ఎంత అడిగినా ఇచ్చేవాళ్ళు కాదు. తెల్ల దొరసాని ఇచ్చిన పొలం కాబట్టి ఆడవాళ్ళ చేతిమీదుగా దేవుడికి చేరాలని తాతయ్య అర్థం చెప్పాడు. నా చిన్నతనంలో ఆ పన నేనే మోశాను. నాకు ముందు మా మేనత్త మోసిందట. పన మోయడం అంటే గొప్పే గానీ, వరి నూగు మెడ మీద రాలి, స్నానం చేసినా ఒక పట్టాన వదలని దురద పెట్టేది.

తాతయ్య పోయాక పంపకాల మాట వచ్చింది. మా నాన్న పెద్దవాడు. బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడిపేవాడు. బాబాయి ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చూసేవాడు. అందరిలోకీ చిన్నది మేనత్త, ఉయ్యూరులో నర్సు. మా వైపు పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. అప్పుడు వాటాలు వేసేవాడు ఎక్కువ తక్కువలు చేయడు. నాన్న వరండాలో చాక్‌పీసుతో పొలం బొమ్మ గీసి, లారీ కొలతలు వేసినట్టు చూసి చూసి, రెండు భాగాలుగా విడదీశాడు. ఒకవైపు దొరమ్మ చెక్క, మరోవైపు దానికి సరిపడా మిగతాది. ఏరుకోరా అన్నాడు బాబాయిని. బాబాయి దొరమ్మ చెక్క మీద వేలు పెట్టబోయాడు. అంతదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న మేనత్త, ముందు ఏరుకోవాల్సింది చిన్నవాళ్ళు కదా అన్నయ్యా, చిన్నదాన్ని నేను కదా అంది.

ఆ పద్ధతిలో చిన్నవాడు అనే మాటలోకి ఆడపిల్ల వస్తుందని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. అత్తకి డబ్బు ఇబ్బంది లేదు, పొలం చేసే తీరికా లేదు. ఆమెకి కావలసింది ఆ ఇంట్లో తనకీ ఒక చోటు ఉందన్న మాట. అది దక్కకపోతే మళ్ళీ ఆ గడప తొక్కనని మా అమ్మతో ముందే చెప్పుకుని ఏడ్చిందని తర్వాత తెలిసింది. బాబాయి మాత్రం వేళాకోళానికి దిగాడు.

"ఏమే, దొరసాని గుర్రం దిగొచ్చి నీ పేరున రాసి పోయిందా?"

అరుగు మీద గోంగూర ఒలుస్తున్న నాయనమ్మ తలెత్తింది.

"ఏ దొరసానిరా?"

"అదేనే, మనకి పొలమిచ్చిన దొరమ్మ."

"పొలమిచ్చిన దొరసానయితే మెరక ఇచ్చేది గానీ గుంట ఇస్తుందట్రా? గట్టుకి మట్టి తీసిన గుంట అది. దొరమ్మంటే మీ నాన్నకి నాయనమ్మ. పేరే దొరమ్మ. తట్ట మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయిందని మా అత్తగారు చెప్పేది."

తర్వాత ఆవిడ గోంగూర ఒలవడం ఆపకుండానే అంతా చెప్పింది. ఆ గుంటలోంచి మట్టి తవ్వి గట్టుకి మోసిన కూలీల్లో దొరమ్మ ఒకతె. భర్త జ్వరంతో పోయాక, ఎవరికీ అక్కర్లేని ఆ గుంట పక్కనే గుడిసె వేసుకుంది. వేసవిలో కాలువ కట్టేసి పూడిక తీసినప్పుడల్లా, బయట పోసిన ఒండ్రు మట్టిని తట్టలకెత్తి మళ్ళీ అదే గుంటలో పోసింది. కొడుకులు ఈ పిచ్చిపని మావల్ల కాదన్నారు. కూతురు మాత్రం తల్లితో పాటు తట్ట పట్టింది. గుంట పూడి మొదటి పంట పండిన ఏడాది, ఈ చెక్క ఆడపిల్లది, మొదటి పన దాని నెత్తినే గుడికి పోవాలి అందట దొరమ్మ. కూతురు బందరు వైపు కాపరానికి వెళ్ళిపోయింది.

"పన ఆడపిల్ల నెత్తిన పెట్టి, చెక్క మగపిల్లలు ఉంచుకున్నారు. మాటలో సగం నిలబెట్టారు, పాపం!" అంది నాయనమ్మ.

నాన్న తేరుకుని, మరి తాతయ్య ఏటా గుడిలో అలా చెప్తుంటే నువ్వెందుకు ఊరుకున్నావని అడిగాడు. నాయనమ్మ మొహంలో సిగ్గులాంటిది కనిపించింది.

"ఆ టోపీ గురించి ఆయన చెప్తుంటే నాకే వినబుద్ధేసేదిరా."

అందరికంటే ముందు నవ్వింది అత్తే. నాన్న చాక్‌పీసు గీతలు చేత్తో తుడిచేసి, మళ్ళీ మూడు వాటాలు వేశాడు. చిన్నదానివి, ఏరుకో అమ్మా అన్నాడు. అత్త ఏది చూపించిందో చెప్పనక్కర్లేదు. బాబాయి కొన్నాళ్ళు ముభావంగా ఉన్నా, ఆ చెక్కని కౌలుకి చేసేది ఇప్పటికీ ఆయనే. బస్తా మీద నీలం రంగుతో ఆ పేరు రాసేదీ ఆయనే.

ఆ చుట్టుపక్కల పొలాలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. దొరమ్మ పూడ్చిన గుంట మళ్ళీ గుంట కాకుండా నిలిచి ఉందంటే అత్త పట్టుదల వల్లే. ఇప్పుడు కోతకి మిషను వస్తుంది, దాన్లోంచి పన రాదు, ముక్కలైన గడ్డి రాలుతుంది. అందుకని బాబాయి ఓ మూల మిషనుకి వదలకుండా కొడవలితో కోసి, పన కట్టి, చూరుకి వేలాడదీస్తాడు. గుడికి పంట తెచ్చేవాళ్ళు తగ్గారు, కవర్లలో కానుకలు వేస్తున్నారు. దొరసాని గురించి చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. నిజం తెలిసినందుకు నాకు గర్వమే గానీ, కోత పండుగనాడు తాతయ్య లేచి నిలబడే చోటు చూస్తే, ఆ తెల్ల గుర్రం, ఆ ఈక లేకపోవడం వెలితిగానే ఉంటుంది.

బస్తా చేరిందని చెప్పడానికి ఫోన్ చేస్తే అత్త అంది, "నాకిద్దరూ మగపిల్లలే. వాళ్ళతో మాట్లాడేశాను, నా తర్వాత చెక్క నీ కూతురిది. ఆదివారం కోత పండుగకి పన దాని నెత్తినే పెట్టాలి, తీసుకురా."

పాప మెడ చాలా సున్నితం. కొత్త గౌను కాలరు తగిలినా ఎర్రబడుతుంది. వరి నూగు తగలకుండా మెత్తటి తువ్వాలు ఒకటి మెడకి చుట్టి పంపుదామని సంచిలో సర్దాను. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు కూడా అది సంచిలోనే ఉంది. ఇప్పుడు లేచి, తీసి, మళ్ళీ బీరువాలో పెట్టేశాను. దొరమ్మ ఎవరని పాప మళ్ళీ అడుగుతుంది. ఆదివారం సాయంత్రం మెడ గోక్కుంటూ అడిగినప్పుడు చెప్తాను.