నాన్న అత్తారింటి ప్రయాణం

ఘాజియాబాద్‌లో మేముంటున్న అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు వాళ్లెవరో ఇవాళ గసగసాలు వేయిస్తున్నారు. ఆ వాసన బాల్కనీ దాటి నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది, ఇక పని సాగలేదు. గసగసాలు దోరగా వేగుతున్నప్పటి ఆ కమ్మటి వాసనకి మా ఇంట్లో ఇద్దరు హక్కుదారులుండేవారు. నాన్నది తెనాలి. ఆయన లెక్కలో గసగసాలంటే ఎండుకొబ్బరితో కలిపి నూరి ఆదివారం కోడికూరలో వేసేవి. అమ్మది యూరప్‌లో ఒక చిన్న దేశం. ఆవిడ లెక్కలో గసగసాలంటే పాలూ పంచదారా పోసి ఉడికించి, పల్చగా ఒత్తిన పిండి మీద పరిచి, చాపలా చుట్టి క్రిస్మస్‌కి కాల్చేవి. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాయబోయే సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. అయినా అది అమ్మ పుట్టిల్లు, నా కోపం ఆ పేరుకి అంటుకోవడం నాకిష్టం లేదు.

అప్పట్లో మేం సరోజినీ నగర్ గవర్నమెంట్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మాది కింది వాటా, ముందు చిన్న దొడ్డి, అందులో ఒక పక్క నాన్న వేసిన గోంగూర, ఇంకో పక్క అమ్మ వేసిన సోయికూర. చలికాలం వస్తే వీధి వీధంతా నవారు మంచాలు ఎండలోకి ఈడ్చుకునేది. ఆంటీలు స్వెట్టర్లు అల్లుతూ, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, కమలాపళ్ల తొక్కలు మంచం కిందికి జారవిడుస్తూ పొద్దు వాలేదాకా కబుర్లాడుకుంటుంటే, ఆ మంచాల మధ్య మేం పిల్లలం పిట్ఠూ ఆడేవాళ్లం. అది మన ఏడుపెంకులాటే, పెంకులకి బదులు క్వార్టర్ల గోడల నుంచి ఊడిన ఇటుక ముక్కలు. ఎండాకాలం కూలర్‌లో తడిసిన గడ్డి వాసన, వానలు మొదలయ్యే ముందు అశోకా రోడ్‌లో నాన్న ఆఫీసు చుట్టుపక్కల ఫుట్‌పాత్ నిండా రాలిన నేరేడుపళ్లు, వాటిని తొక్కి ఊదారంగు పట్టిన నా తెల్ల కాన్వాస్ బూట్లు, ఆ బూట్లతోనే దగ్గర్లోని ఆంధ్రా భోజనం హాల్లోకి వెళ్లి ముద్దపప్పూ నెయ్యీ కలుపుకుని తినడం. అమ్మ అక్కడ గోంగూర పచ్చడి మూడోసారి అడిగితే వడ్డించేవాళ్లు మా బల్ల చుట్టూ చేరి చూసేవారు. ఆవిడ ఏం పట్టించుకునేది కాదు, నాన్న మాత్రం మీసాల్లో నవ్వుకునేవాడు.

వాళ్లిద్దరూ కలిసింది ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, ఒక పంజాబీ టీచరమ్మ ముందుగదిలో. నాన్నకి ఆఫీసులో హిందీ పరీక్ష పాసవకపోతే ఇంక్రిమెంట్ ఆగిపోతుందన్నారు, అందుకని సాయంత్రాలు ట్యూషన్‌కి చేరాడు. అమ్మ హిందీ నేర్చుకోవాలనే దేశం దాటి వచ్చింది. దేశవిభజనప్పుడు లాహోర్ నుంచి వచ్చిన ఆ టీచరమ్మ ఇద్దరికీ ఒకే పుస్తకం పెట్టి, ఒకే బెత్తం చూపించి నేర్పిందట. ఆ పుస్తకాల హిందీలోనే వాళ్లు పరిచయమయ్యారు, పోట్లాడుకున్నారు, పెళ్లి చేసుకున్నారు. పెళ్లయ్యాక కూడా ఒకరినొకరు ‘ఆప్’, అంటే మీరు, అనే పిలుచుకున్నారు, ఎందుకంటే ఆవిడ వాళ్లకి నేర్పింది అదే. దయచేసి అన్నట్టు ‘కృపయా’ అనకుండా మా నాన్న ఏనాడూ మంచినీళ్లడగలేదు. మా వీధిలో హిందీ పుట్టుకతో వచ్చినవాళ్లు కూడా అంత హిందీ మాట్లాడేవారు కాదు, వాళ్లిద్దరి మాటలు వినడానికి కిటికీ దగ్గర పనిగట్టుకుని ఆగేవారు.

ఇక నా సంగతి. నాన్నతో తెలుగు, అమ్మతో అమ్మ భాష, వీధిలో వీధి హిందీ. మూడు భాషలని నాకు తెలియను కూడా తెలియదు. వేడిగిన్నె పట్టుకోవడానికి మసిగుడ్డ తీసుకున్నట్టు, ఎవరితో మాట్లాడాలంటే వాళ్ల మాట తీసుకునేదాన్ని. ఏటా చలికాలం గడిపి వెళ్లడానికి తెనాలి నుంచి వచ్చే నాయనమ్మ ఒక్కతే ఇదంతా చూసి నొసలు కొట్టుకునేది. “ఏవిట్రా ఈ సంత! మొగుడికీ పెళ్లానికీ మధ్య పరాయి భాషేవిట్రా?” అనేది నాన్నతో. అంటూనే అమ్మకి తల దువ్వేది, చెవి దగ్గర మెల్లిగా తెలుగు మాటలు ఒక్కొక్కటీ నేర్పేది. అమ్మకి తెలుగు బాగా అర్థమయ్యేది, పలకడమే సిగ్గు.

అమ్మ పుట్టింటికి నాన్న చాలా ఏళ్లు వెళ్లలేదు. డబ్బు లేక కొంత, సెలవు దొరక్క కొంత. అసలు సంగతి మాత్రం నాయనమ్మ పెట్టిన పట్టు. “అత్తగారు పిలవాలి, అప్పుడు వెళ్లాలి. పిలవని పేరంటానికి వెళ్లిన అల్లుడికి విస్తరి కూడా ఉండదు,” అనేది. ఆ దేశంలో అల్లుణ్ణి పిలవడమనే పద్ధతి లేదని, ఎవరి టికెట్ వాళ్లు కొనుక్కుని వెళ్తారని అమ్మ చెప్పినా వినేది కాదు. ఈ మాట ఎలాగో ఉత్తరాల్లో మా అమ్మమ్మదాకా వెళ్లింది. ఆవిడకి జబ్బు చేసి ఆసుపత్రిలో పడుకున్న వసంతంలో, తన చేత్తో ఒక కార్డు రాసి పంపింది. అల్లుడుగారూ, మీరు మా ఇంటికి రండి, మిమ్మల్ని చూడాలని ఉంది. అమ్మ చదివి హిందీలో చెప్తుంటే నాన్న లేచి నిలబడి విన్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పెళ్లి హడావిడి. నాన్న ఆఫీసులో అనుమతి తెచ్చుకున్నాడు, వీసాకి వెళ్లి పెళ్లి ఫొటోలు చూపించి వచ్చాడు, కన్నాట్ ప్లేస్‌లో సూటు కుట్టించుకున్నాడు. తెనాలి నుంచి నాయనమ్మ వియ్యపురాలికని వెంకటగిరి చీర పంపింది. ఆసుపత్రి మంచం మీదున్న ఆవిడకి చీరేమిటని మేమెవరమూ అనలేదు. నాన్న అద్దం ముందు నిలబడి అమ్మ భాషలో ఒకే ఒక్క వాక్యం వల్లెవేసేవాడు, ‘నమస్కారం అమ్మగారూ, మీ ఆరోగ్యం ఎలా ఉంది’ అని. ఆయన పలికినట్టు అమ్మమ్మ ముందు పలికి నవ్వించాలని నేను ఎదురుచూశాను.

విమానం దిగాక ఆ హాల్లో రెండు బోర్డులున్నాయి. ఒకటి ఆ దేశపు వాళ్లకి, రెండోది తక్కినవాళ్లకి. నా పేరు అమ్మ పాస్‌పోర్ట్‌లోనే రాసి ఉండేది. ముగ్గురం కలిసి ఒకే వరుసలో నిలబడదామని అమ్మ అంది. నాన్న ఒప్పుకోలేదు. గవర్నమెంటు మనిషి కదా, బోర్డు మీద రాసింది ఆయనకి వేదం. “నియమ్ తో నియమ్ హై,” అని సూటు సర్దుకుని పొడుగాటి వరుస చివరకి వెళ్లి నిలబడ్డాడు. చాలా దేశాల్లో ఆలుమగలు కలిసి ఒకే కిటికీ దగ్గరికి వెళ్లొచ్చని, అలా వెళ్తేనే సగం అనుమానాలు పుట్టవని, ఉద్యోగం మీద నాలుగు దేశాలు తిరిగాక నాకు తెలిసింది. ఆవేళ ఆ హాల్లో అంతమంది యూనిఫారాలవాళ్లున్నారు, మమ్మల్ని విడిపోతుంటే చూశారు, ఒక్కరంటే ఒక్కరు ఆ ముక్క చెప్పలేదు.

అమ్మా నేనూ చిటికెలో బయటపడ్డాం. నాన్న రాలేదు. మాతో దిగినవాళ్లంతా పెట్టెలు తీసుకుని వెళ్లిపోయారు, మా మూడు పెట్టెలే బెల్టు మీద తిరుగుతున్నాయి. అమ్మ వెనక్కి వెళ్లి అడిగితే, ఒకాయన ఆవిణ్ణి ఒక గదిలోకి తీసుకెళ్లాడు. యూనిఫారంలో ఉన్న ఒకావిడ నన్ను ఇంకో గదిలో కూర్చోబెట్టి చాక్లెట్ ఇచ్చింది. ముద్దుగా, అమ్మ భాషలోనే అడిగింది, మీ ఇంట్లో ఏం భాష మాట్లాడుకుంటారు అని. ‘ఇదే,’ అన్నాను. నిజమే కదా, అమ్మతో నేను మాట్లాడేది అదే. ఇదే ప్రశ్న పక్క గదిలో అమ్మని అడిగారు. హిందీ అంది. అదీ నిజమే, భర్తతో ఆవిడ మాట్లాడేది అదే. నాన్నని ఇంగ్లీషులో అడిగారు. జనాభా లెక్కలవాళ్లొచ్చినా, నన్ను స్కూల్లో చేర్పించడానికి వెళ్లినా, ఇంటిభాష ఏమిటంటే నాన్న నోట వచ్చేది ఒకే మాట. తెలుగు అన్నాడు.

ఒకే ఇంట్లో కాపురముంటే మూడు జవాబులెందుకొస్తాయి? ఇదీ వాళ్ల తెలివి. ఇది దొంగపెళ్లి అన్నారు, ఆయన తమ దేశంలో మకాం వేయడానికి ఎవరో మనిషిని పట్టుకుని వచ్చాడన్నారు. సెక్రటేరియట్ ఉద్యోగం, పెన్షనూ వదులుకుని మా నాన్న వాళ్ల హోటళ్లలో గిన్నెలు కడగడానికొచ్చాడట! అమ్మ చెప్పింది, వినలేదు. అత్తగారు రాసిన కార్డు నాన్న చూపించాడు, ఇదేం పత్రం కాదన్నారు. పెళ్లి ఫొటోలో అమ్మ నుదుట బాసికం చూసి ఒకాయన నవ్వాడట. ఢిల్లీలో ఏటా అమ్మని విదేశీయుల ఆఫీసులో క్యూలో నిలబెట్టి, ‘మేడమ్, ఎప్పుడు వెళ్లిపోతున్నారు?’ అనడిగే మన గుమాస్తాలూ తక్కువ తినలేదు. కానీ వాళ్లెవరూ ఆవిడ మొగుణ్ణి మొగుడు కాదనలేదు. ముగ్గురు మనుషులు నిజం చెప్తే అది అబద్ధమైన చోటు నేను అదొక్కటే చూశాను.

కాసేపటికి నాన్నని గాజు గోడకి అవతలగా నడిపించుకొచ్చారు. వచ్చిన విమానంలోనే వెనక్కి పంపిస్తున్నారు. మా పల్లెల్లో అల్లుడు గడప తొక్కితే కాళ్లకి నీళ్లిచ్చి, పీట వేసి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడతారు. మా నాన్నకి ఆయన అత్తారి దేశం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, పక్కన కాపలా మనిషిని నిలబెట్టింది. అమ్మ గాజుకి చేతులానించి, నేనూ మీతో వచ్చేస్తానని హిందీలో గట్టిగా అరిచింది. నాన్న తల అడ్డంగా ఊపాడు.

“ఆప్ జాయియే. మాఁజీ ఇంతజార్ కర్ రహీ హైఁ.”

మీరు వెళ్లండి, అమ్మగారు ఎదురుచూస్తున్నారు. అంత అవమానంలోనూ ఆయన ‘ఆప్’ వదల్లేదు. కాపలా మనిషికి ఆ మాటలు అర్థమై ఉంటే, ఆ మొగుడూ పెళ్లాలు ఏ భాష మాట్లాడుకుంటారో అక్కడికక్కడే తేలిపోయేది. నన్ను చూసి మాత్రం తెలుగులో, “బుజ్జమ్మా, అమ్మని జాగ్రత్తగా చూసుకో,” అన్నాడు.

ఆసుపత్రిలో అమ్మమ్మ మంచం తలవైపు ఎత్తించుకుని కూర్చుని ఉంది. జుట్టు దువ్వించుకుంది. అమ్మ లోపలికి వెళ్లగానే ఆవిడ మా ఇద్దరినీ దాటి తలుపు వైపు చూస్తూ, చేతులు జోడించి, “నమస్తే, బేటా,” అంది. అల్లుడికోసం నర్సుకి వినిపిస్తూ నేర్చుకుందట. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆయనకి ఆఖరి నిమిషంలో సెలవు రద్దయిందని అమ్మ చెప్పింది. మేం ఉండగానే అమ్మమ్మ పోయింది. వెంకటగిరి చీర ఆవిడ కాళ్ల మీద కప్పారు.

ఢిల్లీ తిరిగి వచ్చేసరికి నాన్న మామూలుగానే ఉన్నాడు, స్టేషన్‌కి వెళ్లి వచ్చిన మనిషిలా. ఆ సూటు మళ్లీ తొడగలేదు, పాస్‌పోర్ట్ గడువు తీరిపోతే మళ్లీ తీసుకోలేదు. నాలుగు రోజులకి తెలుగువాళ్లందరం లోధీ గార్డెన్‌కి పిక్నిక్ వెళితే, నాన్న గడప తొక్కకుండానే తిరిగొచ్చిన సంగతి తెలియని ఒక అంకుల్ పులిహోర వడ్డిస్తూ గట్టిగా అడిగాడు.

“ఏవండోయ్, మొదటిసారి అత్తారింటికెళ్లొచ్చారు, అల్లుడుగారికి ఏం మర్యాదలు చేశారేంటి?”

“బ్రహ్మాండంగా చూశారండీ,” అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. పక్కనే కూర్చున్న అమ్మకి ఆ తెలుగు మొత్తం అర్థమైంది. విస్తట్లో పులిహోర కలుపుతూనే ఉంది, తినలేదు. నాకు ఆ అంకుల్ మీద, ఆ గాజు గోడ మీద, నాకు చాక్లెట్ ఇచ్చిన ఆవిడ మీద, అందరిమీదా ఒకేసారి కోపమొచ్చి చెప్పులు విసిరేసి గోరింట పొదల వెనక్కి పారిపోయాను. ఆ కోపం అక్కడితో చల్లారుతుందనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఎక్కడ చల్లారింది?

సరోజినీ నగర్ క్వార్టర్లు కూలగొట్టారు, గోంగూర వేసిన దొడ్డి ఏ టవర్ కిందికి వెళ్లిందో కూడా తెలియదు. ఎండలో మంచాలు వేసుకునే ఆంటీలు లేరు. నాయనమ్మ ఎప్పుడో పోయింది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. కూరలమ్మే భయ్యాతో ఇప్పటికీ హిందీలోనే బేరమాడుతుంది, కానీ అది బజారు హిందీ. ‘కృపయా’లూ ‘ఆప్’లూ ఉన్న ఆ హిందీ ఈ భూమ్మీద ఇద్దరే మాట్లాడేవారు, ఒక్కరే మిగిలితే ఎవరితో మాట్లాడుతుంది? నన్ను బుజ్జమ్మా అని పిలిచేవాళ్లు లేక నా తెలుగు కూడా ఇలా కాగితం మీదికి చేరింది. పొద్దున్నే లేచి పడుకునేదాకా అమ్మా నేనూ మాట్లాడుకునేది అమ్మ భాష ఒక్కటే.

ఆ యూనిఫారం ఆవిడ ఇప్పుడొచ్చి, మమ్మల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఏం భాష మాట్లాడుకుంటారని అడగొచ్చు. ఇద్దరం ఒకే జవాబు చెప్తాం. ఆవిడ తృప్తిగా ముద్ర వేసి పంపించేస్తుంది. లోపలికి వెళ్లడానికి నాన్నే లేడు.