హెలిప్యాడ్ మీద ఆఫ్‌సైడ్

ట్రక్కు దిగంగనే గాలి మొఖం మీద కొట్టింది. లదాఖ్ కొండలు. చెట్టు లేదు, పిట్ట లేదు. కోటు మీద కోటు, ఉన్ని టోపి. అయినా పండ్లు పటపట కొట్టుకున్నయి. మా ఆత్మకూర్ ఎండ యాదికొచ్చింది. ఎనభైల నడుమ సంగతి గిది. అక్షరాలు నాకు ముప్పై దాటినంక పటాలంలనే వచ్చినయి. సొగసుగ రాయరాదు, జరిగింది రాస్త.

బంకర్ల నాకు జోడి వైర్‌లెస్ ఆపరేటర్. నల్లగొండ ముస్లిం పిలగాడు. నాకంటె చిన్నోడు, నోరు మాత్రం పెద్దది.

అక్టోబర్ల ఇంటికాడికెల్లి ఉత్తరమొచ్చింది. బాపుకు రెండు కండ్లు మసకబారినయి. పాలమూరు దవాఖానల ఆపరేషన్ చేస్తమన్నరట. "కొడుకొస్తెనే పోత" అని బాపు మొండికేసిండు. మంచు పడితె రోడ్డు మూతపడ్తది, మళ్ల ఎండాకాలం దాక కదలలేం. మేజర్ సాబ్ ఒక్కటే మాట చెప్పిండు. ఫుట్‌బాల్‌ల గెలిచిన ప్లటూన్‌కు ముందుగాల సెలవు.

మైదానమంటె హెలిప్యాడే. గోల్‌కు కిరోసిన్ డబ్బాలు. నేను చెడుగుడు ఆడి పెరిగినోణ్ని. అవతలోని జాగల జొరబడి, కూత ఆపకుంట నిలిచినోడే మా ఊర్ల మొనగాడు. ఇక్కడ గూడ గట్లనే ఉరికి వాళ్ల గోల్‌కాడ నిలబడ్డ. రెండు గోల్స్ కొట్టిన. రెండూ చెల్లలే. గీతకాడ తప్పులు చూస్తందుకు నిలబెట్టిన ట్రక్కు డ్రైవర్ ఆఫ్‌సైడని ఎర్రగుడ్డ లేపిండు. ఆట సున్నా సున్నా. ఎల్లుండి మళ్ల ఆడుమన్నరు.

సాయంత్రం ఆపరేటర్ మొదలువెట్టిండు.

"అన్నా, నువ్వు ఆడుతున్నవా, వాళ్ల గోల్‌కీపర్‌కు పహరా కాస్తున్నవా?"

"ముందల నిలబడితె తప్పేందిర?"

వాడు పొయ్యి పక్కన రెండు మగ్గులు పెట్టిండు. "గిది గోల్‌కీపర్. గిది ఆఖరు కాపలోడు. నేను బాల్ తన్నే గడియల గీ ఇద్దరు నీకూ గోల్‌కూ నడుమ ఉండాలె. కాపలోనికి సమానంగున్నా తప్పే."

అప్పటి రూలు గది. సమానం చెల్లుతదని తర్వాత మార్చిండ్రు.

"మరి బాల్ నాకందేసరికి వాణ్ని దాటితె?"

"దాటు! గదే ఆట. తన్నినప్పుడు జూస్తరు, అందినప్పుడు గాదు."

నా బుర్రకెక్కలే. వాడు వైర్‌లెస్ సెట్ మీద చెయ్యేసిండు.

"నా మాటైందని నేను ఓవర్ అనకముందే నువ్వు మాట్లాడితె?"

"అవతలికి పోదు."

"గంతే. నా కాలు బాల్‌ను విడిచుడే ఓవర్."

మూడోనాడు మంచు సన్నగ రాలుతాంది. కాపలోనికి అడుగు ఇవతల నిలబడ్డ. కాళ్లు ముందలికి గుంజుతున్నయి. ఆగిన.

"ఓవర్!" అని ఒర్రి వాడు తన్నిండు.

ఉరికిన. వాళ్లందరు చేతులు లేపి మొత్తుకున్నరు. డ్రైవర్ దిక్కు చూసిన. ఎర్రగుడ్డ కిందికే ఉంది. కొట్టిన.

సెలవులు దొరికినయి, వానికి తప్ప. సెట్‌కాడ ఇంకొకడు లేడు. "మా నాయిన కండ్లు మంచిగనే ఉన్నయి, నువ్వు పో అన్నా" అన్నడు.

పాలమూరుల ఆపరేషనై కట్టు విప్పినంక బాపు నన్ను ఎగాదిగా చూసిండు. "గింత నల్లగైనవేందిరా?" అన్నడు. ఎండాకాలంల ఆపరేటర్ దిగొచ్చి మా ఇంట్ల అన్నం తిన్నడు. బాపు తింటలేడు, వాని మొఖమే చూస్తున్నడు.

నా కండ్లల్ల మాత్రం సెలవుకు బయలెల్లిన ఆ పొద్దుటి ట్రక్కే. మేం కదలంగనే వాడు బంకర్ ముందట మంచుల నిలబడి గీతకాడి డ్రైవర్ లెక్క చెయ్యి నిట్టనిలువుగ లేపిండు.

"ఆఫ్‌సైడ్ అన్నా! నేనింకా ఓవర్ అనలే!"

ట్రక్కు మలుపు తిరిగేదాక ఆ చెయ్యి దించలే.