బాపు అంటే చాక్లెట్

ఇజ్జత్ పోవుడు అంటే ఏందో మీకెరుక లేకపోతే కూసోండ్రి, చెప్త. ఇరవై ఏండ్ల సంది బొగ్గుబాయిల దిగుతున్న, ఒక్కనాడు గీసుకపోలే. నాలుగేండ్ల పోరి మాత్రం మందమర్రి కాలనీ అందరి ముంగట నన్ను బోర్ల పడేసింది. తప్పు దానిది కాదు, నాదే. గదే నా బాధ.

పెండ్లయిన పన్నెండేండ్లకు, దరఖాస్తు పెట్టి ఎదురుచూసి ఎదురుచూసి, రేఖను దత్తత తెచ్చుకున్నం. వచ్చిన మూడోనాడే నా భార్య సుజాతను "అవ్వా" అన్నది. మరి నన్ను? "ఓయ్." ఓయ్, నీళ్లు. ఓయ్, పక్కకు జరుగు. అడగందే అవ్వయినా పెట్టదంటరు గని, మా ఇంట్ల సుజాత అడగకుండనే అవ్వయింది, నేను అడుక్కున్నా బాపును కాలే. బాయిల దోస్తులు "బిడ్డ బాపు అంటుందా?" అంటే "ఎందుకనది!" అని అబద్ధమాడేటోణ్ణి. లోపల మస్తు బాధయ్యేది.

"జర ఆగయ్యా, దానికి నమ్మకం కుదరాలె" అన్నది సుజాత.

ఆగుతే నేను నేనెట్లయిత? జేబులకెల్లి చాక్లెట్ తీసిన.

"బాపు అను, ఇస్త."

"బాపూ!"

అబ్బ! రెండు రోజులు నా కాళ్లు భూమ్మీద లేవు. పొద్దుగాల ఒకటి, డ్యూటీ దిగినంక రెండు. చాక్లెట్ పట్టుకొని గోదారి ఈదబోయిన, చూడుండ్రి నా తెలివి.

నాలుగోనాడు గ్యాస్ బండ తెచ్చినాయన ముంగట చెయ్యి చాపింది. "బాపూ!" పెండ్లి గాని మనిషి, బండ ఆడనే పెట్టి ఉరికిండు. ఆదివారం చర్చిల అందరు కండ్లు మూసుకొని ప్రార్థనల ఉంటే, పాస్టరు అంగీ గుంజి "బాపూ!" అన్నది. మూలమీది కిరాణా కొమురయ్యయితే ఇంకా నయం, నిజంగనే చాక్లెట్ ఇచ్చిండు. ఇగ రోజుకు నాలుగుసార్లు ఆయననే బాపు.

గప్పుడే, పిల్ల మంచిగుందా లేదా అని చూసిపోను దత్తత ఆఫీసు సారు వచ్చిండు.

"పాపా, మీ బాపు ఎవరమ్మా?"

రేఖ నా జేబు చూసింది. ఖాళీ. సారు సంచి చూసింది. లావుగుంది. సక్కగ పోయి చెయ్యి చాపింది. "బాపూ!"

"ఏందయ్యా గిది?"

"జర ప్రేమ ఎక్కువ సార్, అందర్ని గట్లనే..."

"ప్రేమ గాదు సార్, లంచం" అన్నది సుజాత. కట్టుకున్నది ఆదుకోవాలె గని, గిట్లనా?

"మళ్ల నెలకొస్త" అని ఏదో రాసుకొని పోయిండు సారు. పిల్లను తీస్కపోతరేమోనని నాకు అన్నం దిగలే. చాక్లెట్లు బంద్ చేసిన. దాంతోని బాపు గుడ బంద్. మళ్ల "ఓయ్."

పదిహేను రోజులకు, నేను కోడికూర తేవోయిన యాళ్ల, రేఖ బాత్రూంల గడియ పెట్టుకున్నది. తియ్యరాలే. నేనొచ్చేసరికి వాకిట్ల కాలనీ మొత్తం ఉన్నది. కొమురయ్య తలుపు కాడ కూసోని బతిమాలుతుండు.

"గడియ కిందికి గుంజు బిడ్డా, చాక్లెట్ ఇస్త."

"చాక్లెట్ వద్దు! మా బాపును పిలువుండ్రి!"

"నేనే గద బిడ్డా బాపును."

"నువ్వు గాదు! బొగ్గు బాపు!"

ఒక్క తన్నుకు తలుపు ఊడొచ్చింది. "కిటికీలకెల్లి చెయ్యి పెడితే గడియ అందేది గదయ్యా" అని సుజాత మొత్తుకున్నది గని, ఎవరిన్నరు? రేఖ నా మెడ కరుసుకొని "యాడ వోయినవ్?" అని మీదికెల్లి కోపం చేసింది. నేను కోడికూర కవరు పట్టుకొని అందరి ముంగట బొలబొల ఏడ్సిన.

నెలకు సారు మళ్లొస్తే రేఖ నా మెడ ఇడువలే, ఆయన నవ్వుకుంట సంతకం పెట్టి పోయిండు. గిప్పుడు? డ్యూటీ దిగి కన్ను మూస్తే చాలు. "బాపూ, చీమ. బాపూ, ఇంకో చీమ. బాపూ, నిద్రపోయినవా?" పరేషాన్ అయితున్న.

అందుకే పాస్టరు ముంగట నిలబడి ఒట్టు పెట్టుకున్న: బాపు అనిపిచ్చుకునేటందుకు నేను బతికున్నన్ని దినాలు పిల్లకు చాక్లెట్ ఆశ పెట్ట. నిన్న ఒకటిచ్చిన, గని అది వేరే లెక్క. పది నిమిషాలు బాపు అనకుండ ఉండుమని ఇచ్చిన. నోట్లె ఏసుకొని, మంచమెక్కి, నా చెవుల అడిగింది:

"బాపూ, పది నిమిషాలు అయినయా?"