మెడ మీద అయిదు వేళ్ళు

నిన్న ఒక కంపెనీ అమ్మాయి మా పార్లర్‌కి వచ్చి, నిమ్మతొక్క నూనె కలిపిన కొత్త సీరం మూత తీసింది. ఆ పచ్చి వాసన గదంతా పరుచుకోగానే నా ఒళ్ళు జలదరించింది. నరసాపురంలో నాకు పని నేర్పిన విజయలక్ష్మిగారి చేతులు ఎప్పుడూ ఇదే వాసన వేసేవి.

ఆవిడ నూనెలన్నీ సొంతంగా కలిపేవారు. చెట్టు నుంచి వచ్చింది చర్మానికి చెడు చేయదని ఆవిడ నమ్మకం, అప్పట్లో నాదీ అదే. మర్దన అయ్యాక అరచేతిలో చిక్కటి నిమ్మతొక్క నూనె వేసుకుని, వచ్చినావిడ మెడ వెనక అదిమి పెట్టేవారు. "ఈ వాసన ఇంటిదాకా నీతో వస్తుందమ్మా," అనేవారు. మొగల్తూరు పక్కనుంచి వచ్చిన దుర్గకీ అలాగే పెట్టారు. ఆ పిల్లకి నిశ్చితార్థం దగ్గరపడింది. మర్నాడు జుట్టు పైకి ముడేసుకుని, తల్లితో కలిసి ఎండలో చేపలు ఆరబెట్టిందట.

వారం తిరక్కుండా తల్లి ఆ పిల్లని తీసుకుని మళ్ళీ వచ్చింది. తలుపు మూసి, దుర్గ చున్నీ తొలగించింది. మెడ మీద నల్లగా ఒక చెయ్యి. వెనకనుంచి ఎవరో పీక పట్టుకున్నట్టు, బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్ళు మరో పక్క.

"ఉప్పుటేట్లో మునిగిపోయిన మా ఆడపడుచు పట్టుకుందంటున్నారండి. పెళ్ళికొడుకు వాళ్ళకి ఫోటో కూడా వెళ్ళిపోయింది. రేపు భూతవైద్యుణ్ణి పిలుస్తారంట. మీరేమన్నా పూసి కప్పెట్టగలరేమోనని వచ్చామండి."

నేను మేకప్ డబ్బా అందుకోబోయాను. విజయలక్ష్మిగారు నన్ను ఆపారు. ఆవిడ చూపు మచ్చలోని చిటికెనవేలి మీద నిలిచిపోయింది. అది కొసన బయటికి వంగి ఉంది. చిన్నప్పుడు తలుపు సందున పడి విరిగిన ఆవిడ వేలూ అలాగే ఉండేది. తన కుడిచేతిని ఆ నల్లటి చేతి మీద ఆనించారు. వేలికి వేలు సరిపోయింది. దుర్గ తల్లి కొంగు పట్టుకుంది.

"మీ ఆడపడుచు కాదమ్మా. ఇది నా చెయ్యి," అన్నారు.

ఊరుకుని ఉంటే ఆవిణ్ణి ఎవరూ అనుమానించేవారు కాదు. అయినా ఆ రోజే దుర్గని భీమవరంలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. "ఈ నూనె ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలుతుందండి. మచ్చ మెల్లగా పోతుంది," అన్నాడాయన. పెళ్ళికొడుకు ఇంట్లో ఆ మాట చెబితే, పెద్దాయన నమ్మలేదు. "నూనెకి చెయ్యి మొలుస్తుందాండీ?" అన్నాడు. విజయలక్ష్మిగారు అక్కడే తన ఎడమ ముంజేతిని నూనె చేత్తో అదిమి, వాళ్ళ వాకిట్లో ఎండలో కూర్చున్నారు. కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళి ఆ చెయ్యి చాపి చూపించారు. బొబ్బలు మానుతూ, చర్మంలోంచి పైకి తేలినట్టు నల్లటి వేళ్ళు. ఆ ఇంట్లో ఓ చిన్నపిల్ల వాళ్ళమ్మ వెనక్కి నక్కింది.

పెళ్ళి జరిగింది. అప్పటికి దుర్గ మెడ తేటపడింది. కానీ విజయలక్ష్మిగారు అక్షింతలు వెయ్యడానికి చెయ్యెత్తగానే, ఆ పిల్ల చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, అక్షింతలు దూరంనుంచే చల్లారు. తిరుగు బస్సులో నాతో ఒక్క మాటే అన్నారు: "నా చెయ్యి ఇంకా అక్కడే ఉందే."

ఆవిడ పోయినప్పుడు స్నానం చేయించినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎడమ ముంజేతి మీద ఆ వేళ్ళు లీలగా కనిపించాయి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళుతున్నట్టు.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు అడుగుతాను, "రేపు ఎండలో తిరుగుతారా అండీ?" అని. కొందరు నవ్వుతారు. వాళ్ళు జవాబు చెప్పేదాకా నా చేతులు నా ఒళ్ళోనే ఉంటాయి.