రెప్ప పడని కన్ను

పొద్దుగాల సాంచాలు, అంటె కరెంటు మగ్గాలు, షురూ జేసి నాడెల కొత్త నూలు కండె పెట్టిండు పరశురాములు. నాడెకు ఒక పక్కన సన్నటి బెజ్జం ఉంటది. దాని మీద మూతి పెట్టి గాలి పీలిస్తె లోపలి పోగు నోట్లెకొస్తది. సిరిసిల్లల సాంచాలు నడిపేటోళ్లకు గిది చాయ తాగినంత అలవాటు. పరశురాములు పీల్చిండు. పోగు రాలే. మల్ల పీల్చిండు. ఎడమదిక్కు పెదవుల సందుల నుంచి గాలి బుస్సుమన్నది గని పోగు కదలలే.

నాడె పక్కన పెట్టిండు. నిన్న మాపటి సంది ఎడమ చెవెనక సలుపుతనే ఉండె. పంక గాలి తగిలింది, అదే తగ్గుతది అనుకున్నడు. బయటికొచ్చి, కార్ఖానా ఆసామి బండి అద్దంల మొఖం చూస్కున్నడు. పండ్లికిలించిండు. కుడి మూతి చెవి దిక్కు పోయింది, ఎడమ మూతి ఉన్నకాడనే ఉన్నది. కండ్లు మూసిండు. కుడికన్ను మూసుకున్నది. ఎడమకన్ను మాత్రం అద్దంల తనను తనే చూస్తున్నది.

"మల్లొచ్చింది," అనుకున్నడు. బండి సీటు పట్టుకున్నడు.

మూతి వంకర వోవుడు ఈయనకు కొత్తగాదు. బిడ్డ సృజన చిన్నబడికి పోయేనాడు ఒకపారి వచ్చిపోయింది. అప్పుడు ఎవలో చెప్తె ధర్మపురి అవుతల ఒక పల్లెల పసరు పోసే ముసలాయన కాడికి ఉరికిండు. చెవుల పసరు పోసిండు, వంకాయ తినద్దన్నడు, చింతపండు ముట్టద్దన్నడు. కొన్నాళ్లకు మూతి సక్కగైంది. శానమందికి అది దానంతట అదే సక్కగైతది, పసరు పోసినా పొయ్యకున్నా. గా ముచ్చట ఎవలు చెప్పాలె? పరశురాములుకు ఆ ముసలాయన దేవుడైండు. ఆ దేవుడు సాగనంపుతు ఒక మాటన్నడు: "ఈపారి నేను ఆపిన బిడ్డా. రెండోపారి వస్తె నా చేతుల లేదు. మూతి నుంచి చేతికి దిగుతది, చేతి నుంచి కాలికి దిగుతది."

నోరా, వీపుకు తేకే అంటరు గని, ఆ ముసలాయన నోరు ఈయన వీపుకు తెచ్చింది. ఎందుకంటె పరశురాములు బాపు సాంబయ్య సరిగ్గ గట్లనే పడ్డడు. పొద్దున మూతి వంకర వోయింది, పొద్దుగూకేసరికి చెయ్యి కాలు రెండు పోయినయ్. మల్ల మంచం దిగలే. బాపు తాగిన నీళ్లు మూతి పక్కకెళ్లి కారుతుంటె తుడిచి తుడిచి పెరిగిండు పరశురాములు. ఆ మంచం ఇంకా ఇంట్లనే, గోడకు నిలవెట్టి ఉన్నది.

దవాఖానకు పోవద్దా అని మీరంటరు. నేనూ అదే అంట. గని భయం వట్టినోనికి బుద్ధి దారి చూపుతదా? నోరు తెరిచి చెప్తె నిజమైతదని ఆయన భయం. చెప్పకుంట ఉంటె, ఎట్లొచ్చిందో అట్లనే పోతదేమోనని ఒక దిక్కుమాలిన ఆశ. తువ్వాల తీసి చెంపలకు గట్టిగ చుట్టుకున్నడు. ఇంట్ల పెండ్లాం రోజారాణి అడిగితె పన్ను నొస్తుందన్నడు. పాపం, ఆమె నమ్మింది. లవంగం తెచ్చి ఇచ్చింది, జొన్నగట్కను జావ జేసి పోసింది. ఆయన గోడదిక్కు తిరిగి తాగిండు. జావ ఎడమ మూతికెళ్లి కారి అంగీ మీద పడ్డది. బాపు యాదికొచ్చి జావ గిన్నె దగ్గర్నే ఏడుపాగలే.

ఇగ అప్పటి సంది పొద్దు లేస్తె ఒకటే పని. బోరింగు కాడ నిండు బకీటు ఎడమచేత్తోని లేపుడు. అది లేస్తె చెయ్యి ఉన్నట్టు. గడప పక్కన ఎడమకాలు మీద నిలవడుడు. నిలవడ్తె కాలు ఉన్నట్టు. ఇయ్యాల దిగలే, రేపు దిగుతదేమో. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరిచి చూస్కునేటోడు.

"ఏందయ్యా, కొంగ లెక్క ఒంటికాలు మీద నిలవడ్డవ్?" అన్నది రోజారాణి నవ్వుకుంట.

"కాలు తిమ్మిరెక్కింది," అన్నడు తువ్వాల లోపల్నుంచి.

చెయ్యికి కావలి, కాలుకు కావలి. కన్నుకు మాత్రం కావలి లేదు. రెప్ప పడని కన్ను అది. కార్ఖానల సాంచాలు ఆడుతుంటె నూలు పొట్టు గాలిల ఎగురుతనే ఉంటది. మంచి కన్నైతె రెప్ప కొట్టి పొట్టును తోసేస్తది. ఈ కన్ను వాకిలి తెరిచిన ఇల్లు, వచ్చింది వచ్చినట్టు లోపలనే. ఎర్రబడ్డది, నీళ్లు కారింది, గరగర మన్నది. ఈయన అదే తువ్వాల కొసతోని పొద్దంత రుద్దిండు. రోజారాణి అడిగితె నూలు పొట్టు పడ్డదన్నడు. కండ్లకలకొస్తె ఏమాయె, కాలు చెయ్యి ఉంటె సాలు అనుకున్నడు. అగో, ఆడ తప్పిండు మనిషి.

కార్ఖానల పక్క సాంచాలు నడిపేటోడు కైలాసం. వరుసకు బావబామ్మర్దులు. సాంచాల మోతల పక్కన పిడుగు పడ్డా ఇనరాదు. అందుకే ఆడ ముచ్చట్లన్నీ పెదవులతోనే. ఒకలు మూతి ఆడిస్తె ఇంకొకలు చూసి తెలుసుకుంటరు. కైలాసం, పరశురాములు గట్లనే ఏండ్లకేండ్లు ఒక్క సప్పుడు లేకుంట కొట్లాడుకున్నరు, నవ్వుకున్నరు. ఇప్పుడు పరశురాములు మూతి తువ్వాల లోపలికి పోయింది. కైలాసం ఎన్ని అడిగినా తల ఊపుడే తప్ప జవాబు లేదు. నాడె పీల్చేటప్పుడైతె ఆయన అటు తిరిగి, ఎడమ పెదవులను వేళ్లతోని ఒత్తిపట్టి పీలుస్తుండు. నా మీద కోపమొచ్చిందా, నేనేం పాపం జేసిన అని కైలాసం మనసుల కుమిలిండు.

మల్లటి వారం మొదట్ల కైలాసం ఓపిక తెగింది. తన సాంచాలు బంజేసి వచ్చి, పరశురాములు తువ్వాల పట్టి కిందికి గుంజిండు. వంకర మూతి చూసిండు. దాని మీద రక్తం ముద్ద లెక్క కన్ను, నడుమ నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క.

పరశురాములు సాంచాలు గూడ కైలాసమే బంజేసిండు.

"ఎప్పటి సంది బావా?" అన్నడు.

"చెప్పకు కైలాసం. ఇంట్ల చెప్పకు. రెండోపారొస్తె కాలుకు చేతికి దిగుతదన్నడు ముసలాయన. బాపు లెక్క మంచంల పడ్త." మాటలు పక్కకు జారుతున్నయ్. "నాకు మస్తు భయమైతుంది రా."

"నీ ముసలాయన మీద మన్నువడ! పా దవాఖానకు," అని కైలాసం రెక్క వట్టి బయటికి గుంజుకొచ్చిండు. దారిల ఇంటికాడ రోజారాణిని ఎక్కించుకున్నరు. ఆటోల ఆమె తువ్వాల లేని ఆయన మొఖం చూసింది. కొంగు నోట్ల కుక్కుకొని కరీంనగర్ దాకా ఆయన ఎడమచెయ్యి పట్టుకొనే కూసున్నది.

కరీంనగర్ దవాఖానల డాక్టరమ్మ మొదలు నుదురు ముడవమన్నది. కుడిదిక్కే ముడతలు పడ్డయ్. చేతులు లేపమన్నది, లేపిండు. తన వేళ్లు గట్టిగ పట్టమన్నది, పట్టిండు. నడవమన్నది, నడిచిండు. రెండోపారి గాబట్టి తలకాయకు స్కాన్ గూడ తీపిచ్చింది.

"ఇది పక్షవాతం కాదు. మొఖానికొచ్చే ఒక్క నరం వాచింది, అంతే. చెయ్యికి రాదు, కాలుకు రాదు," అన్నది.

"రాదా అమ్మా?"

"రాదు."

పరశురాములు రెండు చేతులు జోడించి గొల్లున ఏడ్చిండు. ఏడ్చుకుంటనే ఎడమచెయ్యి పైకి లేపి రోజారాణికి చూపించిండు, సూడు, ఉన్నదన్నట్టు. ఆమె గూడ ఏడ్చుకుంట నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలే. చిన్న లైటు వేసి ఎడమకన్నుల చూస్తుండె. చూసి, లైటు బంజేసి, మల్ల వేసి చూసింది.

"ఈ కన్ను ఎన్నాళ్ల నుంచి మూసుకుంట లేదు? మందేసిండ్రా? పట్టీ కట్టిండ్రా?"

పరశురాములు మెడల తువ్వాల కొస చూపించిండు, దీంతోనే తుడిచిన అన్నట్టు.

"మొదలు రోజే వస్తె నరానికి గోలీలు ఇచ్చేది, కన్నుకు చుక్కల మందు ఇచ్చి పట్టీ ఏసి కాపాడుకునేది. ఇప్పుడు నల్లగుడ్డు మీద పుండైంది. ఇప్పుడే కంటి డాక్టరు కాడికి పోవాలె. మొఖం బాగైతదేమో గని, కన్ను ఎంతవరకు మిగుల్తదో నేను చెప్పలేను."

లేపిన ఎడమచెయ్యి అట్లనే గాలిల ఉండిపోయింది. మెల్లగ దించి ఒడిల పెట్టుకున్నడు. బాపు రోగమని వణికి, రాని రోగానికి పొద్దుమాపు కావలి కాసిండు. కండ్లముందటి కన్నునే పోగొట్టుకునేటట్టున్నడు.

కొన్ని నెలలకు మొఖం సక్కగైంది. పూర్తిగ కాదు. నవ్వితె ఎడమ పక్క జర ఎనకవడ్తది, ఎరుకున్నోళ్లకే తెలుస్తది. నాడెల పోగు మల్ల వస్తుంది. కన్ను మీద పుండు మానింది గని మచ్చ ఉండిపోయింది. ఆ కన్నుకు లోకమంత మంచు పట్టినట్టే. కైలాసం ఇప్పుడు ఏం చెప్పాలన్నా ఆయన కుడిదిక్కుకు వచ్చి నిలవడి చెప్తడు. గోడకున్న మంచం రోజారాణి పాతసామాన్లోనికి ఇచ్చిపారేసింది.

ఇప్పుడు పరశురాములు పొద్దుగాల బకీటు లేపడు, ఒంటికాలు మీద నిలవడడు. చాయ గిలాస పట్టుకొని గడపల కూసుంటడు. పొయ్యికాడ రోజారాణి ఉంటది. మంచి కన్నును అరచేత్తోని మూసి, రెండో కన్నుతోని ఆమె మొఖం చూస్తడు. ఒకనాడు ముక్కు, నోరు మసక మసకగ అగుపిస్తయ్. ఒకనాడు నొసటి బొట్టొక్కటే ఎర్రగ అగుపిస్తది. రేపు అది గూడ పోతదేమోనని భయం.

"ఏందయ్యా గట్ల చూస్తున్నవ్?" అంటదామె.

"ఏం లేదు, మంచిగున్నవ్," అంటడు, చెయ్యి తియ్యకుంటనే.