పటంలో పదకొండు జతల చెప్పులు

ఆ రోజుల్లో బొమ్మను చూడడానికి కూడా చదువు ఉండాలని నాకు తెలియదు, కళ్లుంటే చాలనుకున్నాను. ఐదో తరగతితో బడి మానేసి, తర్లుపాడు దగ్గర మా ఊళ్లోనే పాస్టరుగారింట్లో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. వాళ్ల ముందుగదిలో అద్దం బిగించిన పటం ఒకటి ఉండేది. దొరల దేశంలో నూటయాభై ఏళ్ల కిందట ఎవరో గీసిన పల్లెటూరి చర్చి. మాకు దక్కింది దాని అచ్చు కాగితం. కొండంత మబ్బు, దాని కింద రాతి చర్చి, ముందు నిండుగా పారే వాగు (మా వైపు వాళ్లకు ఆ వాగు చూస్తేనే సగం దాహం తీరేది), నీళ్లలో ఆవులు. తుడిచే నెపంతో రోజూ అద్దానికి ముక్కు ఆనించి చూసేదాన్ని.

ఒక ఆదివారం ప్రసంగానికి ఒంగోలు నుంచి వచ్చిన పెద్దాయన, భోంచేసి ఆ పటం ముందు నిలబడ్డాడు. “బయట ఒక్క మనిషి లేడు చూశారా, ఊరంతా లోపల ప్రార్థనలో ఉంది. అదీ గీసినవాడి గొప్ప” అన్నాడు. నేను చీపురు పట్టుకునే అన్నాను: “లోపల ఎవురూ లేరయ్యా. గుమ్మం కాడ ఒక్క చెప్పన్నా ఉందా చూడండి.” ఆయన నవ్వి, “దొరలు చెప్పులు విడవరు పాపా” అన్నాడు. “దేవుని ఇంట్లోకి చెప్పులతో పోతే అది చర్చి ఎట్లయిద్దయ్యా, సంత అయిద్దిగానీ.” అందరూ నవ్వారు. పాస్టరమ్మగారైతే, “దానికి బొమ్మల సంగతి ఏం తెలుసులెండి. పలక మీద ఏనుగును గీయమంటే ఎలకను గీసే రకం” అని నన్ను వంటింట్లోకి పంపింది.

మరునాడు పటం దింపి, వెనక అట్ట ఊడదీసి, పాస్టరుగారి నల్లపెన్నుతో ఆ గుమ్మం ముందు పదకొండు జతలు గీశాను. మా నాయన పిన్నీసు పెట్టుకున్న హవాయి చెప్పులతో సహా. (పిన్నీసుకే ఎక్కువసేపు పట్టింది.)

“ఆదివారం సంఘం ముందర తప్పు ఒప్పుకో. లేకుంటే మళ్లీ ఈ గడప తొక్కొద్దు” అంది పాస్టరమ్మగారు, పటంలో చెప్పులు కంటబడగానే. గడప తొక్కకపోతే ఆ పటం ఇక కనబడదు. నా ఏడుపంతా అదే. మా నాయన బతిమాలాడు: “ఒక్కమాట చెప్పమ్మా, నోట్లో ముత్యాలు రాల్తాయా ఏంది?”

ఆదివారం లేచి నిలబడ్డాను. “అడక్కుండా పెన్ను తీసుకున్నా, అది తప్పే. చెప్పులు మాత్రం తప్పు కాదు. చర్చి ఖాళీగా ఉంటే చూడలేక మందిని తెచ్చినా. తుడపమంటే తుడపను.” పని పోయింది. ఇంటికి పోయే దారిలో మా నాయన, “నా పిన్నీసు చెప్పులు గూడా పెట్టినావంటనే?” అన్నాడు. తర్వాత నేను బడిపిల్లలు రాసే పలకలు చేసే పనిలో చేరాను.

మొన్న కొత్త పాస్టరమ్మ ఆ పటాన్ని చర్చిలోనే తగిలించిందని విని వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడిచి, అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టాను. పదకొండూ ఉన్నాయి. నావి ఏవీ అని వెతికితే లేవు. ఆ వయసులో నాకు చెప్పులెక్కడివి? మా వాడలో సగం మందికి లేవు. మరి గుమ్మం ముందు చెప్పులు లేనంత మాత్రాన లోపల ఎవరూ లేరని ఎట్లా వాదించాను? వట్టికాళ్ల వాళ్లతో ఆ చర్చి కిటకిటలాడుతూ ఉండొచ్చు. ఒంగోలు పెద్దాయనకు ఆ మాట తట్టలేదు కాబట్టి బతికిపోయాను. ఇది మీకు చెప్పానుగానీ కొత్త పాస్టరమ్మకు చెప్పను. తుడపమంటే ఇప్పుడూ తుడపను.