మజ్జిగ చెంబుతో కారెక్కిన మా వియ్యపురాలు

మా వియ్యపురాలు పోయింది. పొద్దున్నే చీనీ తోటలో నీళ్లు పారుతున్నాయో లేదో చూస్తుండగా బేతంచెర్ల నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. "మామా, అమ్మ లేదు" అన్నాడు. కాఫీ తాగి, తన పిండిమిల్లు తలుపు తీసి, స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకుందట. మొదటి గిరాకీ జొన్నల సంచి దించి "అక్కా, అక్కా" అని పిలిస్తే పలకలేదట. పని చోట, ఎవరి చేతా నీళ్లు పోయించుకోకుండా పోయింది. అట్లాంటి చావు ఎందరికి దొరుకుతుంది చెప్పండి!

నేను వేంపల్లె దగ్గర రైతును. ఏడో తరగతి దాకా చదివాను. పొగడడం మొదలుపెడితే ఆగనని నా భార్య అంటుంది. ఆగను, ఎందుకు ఆగాలి? నా కూతురికి ఇట్లాంటి అత్త దొరికిందని కనపడిన ప్రతి మనిషికీ చెప్పుకున్న వాణ్ణి నేను. ఆమె పోయినా ఆ సంతోషం పోలేదు, పోదు. కానీ ఈ నాలుగు ముక్కలు రాయడానికి వేరే కారణం ఉంది.

శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఆమె తోడికోడలు వసారాలో కూర్చుని అందరూ వినేటట్టు అంది: "ఆ కారులో ఎత్తి కుదేసి, ఎత్తి కుదేసి, దాని అదురుకే మా యక్క గుండె నిలిచిపోయింది. కోడలికి రేసులు గావాలంట, రేసులు!"

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. వింది. కారు తాళం చెవి తెచ్చి మేకుకు తగిలించింది. ఆ తర్వాత దాని వైపు చూడలేదు.

ఆ మాట అబద్ధం. ఎట్లా అబద్ధమో చెబుతాను, వినండి.

మా అమ్మాయి కర్నూలులో ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తుంది. రోజూ బేతంచెర్ల నుంచి పోయి వస్తుంది. తన జీతంతో తానే కొనుక్కున్న కారు, చూడ్డానికి చిన్నదే గానీ టర్బో ఇంజను, తొక్కితే దూకుతుంది. అప్పుడప్పుడు ఆదివారాల్లో, మూసేసిన బాట మీద ఒక్కొక్క కారునే వదిలి గడియారం పట్టి చూసే పోటీలకు పోతుంది. పనికీ పోటీకీ ఆ ఒక్క కారే.

ఆమె మొదటిసారి పోటీకి బయల్దేరిన రోజు ఇంట్లో చుట్టాలున్నారు. మా వియ్యపురాలు భర్త పోయిన మనిషి. "నువ్వు లోపల ఉండమ్మా, పిల్ల బయల్దేరుతాంది, ఎదురు రావద్దు" అన్నారు. ఆమె నిజంగానే లోపలికి పోయింది. మంచి చీర కట్టుకుని, చెంబు నిండా మజ్జిగ పోసుకుని వచ్చి, ముందు సీటు తలుపు తీసుకుని కూర్చుంది. "ఎదురొస్తే గదా మీకు అపశకునం? నేను పక్కన కూచుంటాండా. దీనికేం పేరు పెట్టుకుంటారో పెట్టుకోండి" అంది.

అప్పటి నుంచి అది ఆమె సీటే. పోటీలకు మాత్రమే కాదు, వారంలో రెండు మూడు సార్లు మిల్లు కొడుక్కి అప్పజెప్పి, కోడలితో కర్నూలు పోయి, చెల్లెలింట్లో పగలంతా కబుర్లాడి సాయంత్రం తిరిగి వచ్చేది. చేతిలో మజ్జిగ చెంబు ఉండాల్సిందే. సీసాలో పోసుకోమంటే "ప్లాస్టిక్ కంపు నేను తాగలేనప్పా" అనేది.

భర్త పోయినప్పుడు కూడా అంతే. మిల్లు మూసేయమన్నారు బంధువులు. "ఆయప్ప పోయినాడు. ఊళ్లో జనం తినేది మానినారా?" అని పదకొండో రోజు దాటగానే ఇంజను తిప్పింది. పిండి పడుతుంటే బొటనవేలూ చూపుడువేలూ మధ్య చిటికెడు తీసుకుని రుద్ది చూసేది. మనుషులతో మాట్లాడుతున్నా ఆ రెండు వేళ్లు ఊరికే రుద్దుకుంటూ ఉండేవి. కనుబొమలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి, వయసు వల్ల ఎంతో పిండి వల్ల ఎంతో తెలిసేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంజనుకూ గేర్లకూ మధ్యన ఒక ఇనుప చక్రం ఉంటుంది, ఫ్లైవీల్ అంటారు. దాన్ని పట్టుకుని ఆ తిరుగుడును గేర్లకు అందించేది క్లచ్ ప్లేటు. చక్రం బరువుగా ఉంటే బండి మెత్తగా కదులుతుంది గానీ ఇంజను వేగం అందుకోవడానికి తాత్సారం చేస్తుంది. తేలికగా ఉంటే తొక్కగానే లేస్తుంది, కాలు తీస్తే టక్కున పడిపోతుంది. మా అమ్మాయి పోటీ కోసం తేలిక చక్రం వేయిస్తానంది.

అత్త ఒప్పుకోలేదు. మిల్లు ఆయిలింజనుకు మనిషి ఎత్తలేనంత చక్రం ఉంది కదా, ఆమె లెక్కంతా దాని మీదే. "చక్రం బరువే ఇంజనుకు బలం మ్మీ. గంప జొన్నలు ఒక్కపారి పోసినా మిల్లు ఆగదు, ఏంటికి? ఆ బరువుకే. నువ్వు తీసేస్తానంటాండావు!"

"అత్తా, మిల్లు పొద్దుగూకులూ ఒకే వేగంతో తిరుగుతాది. నా కారు మలుపు మలుపుకూ తగ్గి లేయాల. నీ చక్రం దీనికి పెడితే ఎనుముకు గజ్జెలు కట్టినట్లుంటాది."

"ఎనుమంటే పాలన్నా ఇస్తాది" అంది అత్త. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, తింటున్న అన్నం పొలమారింది నాకు.

చివరికి అత్తే తగ్గింది. "నాది మిల్లు బుద్ధి. నడిపేది నువ్వు. పెట్టుకోపో."

మా అమ్మాయి ఉన్నవాటిలో అన్నింటికన్నా తేలిక చక్రం తెప్పించింది. దానికి తోడు పందెం కార్ల క్లచ్ ప్లేటు, గట్టి బిళ్లలు అతికించినది. పట్టిందంటే ఉడుం పట్టే. మధ్యరకంగా పట్టడం దానికి తెలియదు. కర్నూలు మెకానిక్కు అన్నీ బిగించి ఇచ్చాడు. మర్నాడే అత్తా కోడళ్లు కర్నూలు పోతుంటే రైల్వే గేటు పడింది. గేటు ముందు ఎత్తు, ముందూ వెనకా నాపరాళ్ల లారీలు. గేటు లేచింది. కారు ఒక్క గంతేసి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ గంతు, మళ్లీ ఆగడం. అత్త ఒళ్లో చెంబు బోర్లా పడి చీరంతా మజ్జిగ.

వెనక లారీ డ్రైవరు కిందికి తొంగి చూసి, "అమ్మా, కారు నడుపుతాండారా, కప్పను తోలుతాండారా?" అన్నాడు.

మా వియ్యపురాలు తడిసిన కొంగు పిండుకుంటూ తల బయట పెట్టింది. "కప్పేనప్పా. నీ లారీ మీదికి దూకకముందే హారన్ ఆపు!"

ఇంటికి వచ్చాక ఆ తోడికోడలే మొదలుపెట్టింది, కారు అమ్మేయమని. మా అమ్మాయికి కూడా మనసు విరిగింది. "నాకు పందెం లేకున్నా పరవాలేదు నాయనా, పాత చక్రమే పెట్టించేస్తా" అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. వెనకాల నుంచి అత్త గొంతు వినబడింది నాకు. ఆ మాటలు నేను చచ్చేదాకా మరిచిపోను.

"పిండి బరకగా వస్తే రాళ్లు సవరిస్తాం గానీ మిల్లు అమ్ముకుంటామా? ఏడ్సద్దు. ఆ బరువుకూ ఈ తేలికకూ నడిమద్యన ఏదో ఒకటి ఉండకుండా పోతాదా? ఎతుకు."

వెతికింది. పాతదానికన్నా బాగా తేలిక, మొదట తెచ్చినదానికన్నా బరువు, ఉక్కుతో ఒకే ముక్కగా చేసిన చక్రం దొరికింది. క్లచ్ ప్లేటు ఈసారి మామూలు రకమే, మెత్తగా పట్టేది, కుదుపు మింగడానికి నడుమ స్ప్రింగులున్నది. దాన్ని నొక్కి పట్టే పైప్లేటు మాత్రం కొంచెం గట్టిది, టర్బో బలానికి జారిపోకుండా. ఆగి ఉన్నప్పుడు గేర్ల దగ్గర సన్నగా గలగల వినిపిస్తుంది, నిజమే. "ఎవరన్నా చిల్లర లెక్కబెడతాండారా లోపల?" అని అడిగేది అత్త. అంతకుమించి ఫిర్యాదు లేదు.

కొత్తవి వేశాక ఆమె చెంబును అంచు దాకా నింపుకుని కూర్చుంది, కావాలనే. అదే గేటు, అదే ఎత్తు, అవే లారీలు. "పోనీ మ్మీ" అంది. కారు జారినట్టు కదిలింది. ఒక్క చుక్క కూడా చీర మీద పడలేదు. ఆ మజ్జిగ గటగటా తాగేసి, "ఇప్పుడు తొక్కు" అందట. ఆ తర్వాతి పోటీలో మా అమ్మాయి తన పాత రికార్డును తానే దాటింది. బాట పక్కన కుర్చీలో కూర్చున్న ఈమె లేచి నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసింది! నా చెవులతో విన్నాను. నా జన్మలో అంత సంతోషపడ్డ రోజు ఇంకోటి లేదు.

ఇప్పుడు చెప్పండి. అదురంతా ఆ పాడు ప్లేటుతోనే పోయింది. ఆ తర్వాత ఎన్ని నెలలు ఆ సీట్లో నిద్రపోతూ పోయి వచ్చిందో ఊరంతా చూసింది. ఆమె గుండె కారు వల్ల ఆగలేదు. ఆగవలసిన రోజు వచ్చి ఆగింది. కోడలి మీద నింద వేసే వాళ్లు ఆమె బతికి ఉండగా ఆమె ముందు ఆ మాట అనగలిగేవాళ్లా?

దినాలు అయిపోయిన మర్నాడు మా అమ్మాయి సంచి తగిలించుకుని, పనికి పోవడానికి బస్టాండుకు బయల్దేరింది. వసారా నిండా చుట్టాలు. నేను లేచి మేకు మీది తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టి, చెప్పులేసుకున్నాను.

"యాడికి పోతాండావన్నా?" అంది తోడికోడలు.

"కర్నూలుకు. నా బిడ్డ కారులో" అన్నాను.

"సూతకం మైల ఇంకా ఆరకముందే..."

"మైలంతా నోట్లోనే ఉండాది లేమ్మా, కారులో లేదు."

మా అమ్మాయి నా మొహం చూసింది. పోయి స్టీరింగు ముందు కూర్చుంది. నేను పక్క తలుపు తీశాను. మా వియ్యపురాలు పొట్టి మనిషి. సీటు ముందుకు లాగి ఉంది. నేను పొడుగరిని, కూర్చుంటే మోకాళ్లు రెండూ డ్యాష్‌బోర్డుకు తగిలాయి. "నాయనా, కింద పిడి ఉంది, వెనక్కి జరుపుకో" అంది మా అమ్మాయి. కర్నూలు దాకా నేను జరపలేదు.